కుండీల సేద్యం

తైపేలో ఉద్యోగం ముగించుకుని, యీలాన్ వరిమళ్ల మధ్య మేడ కట్టుకున్న గావ్ గారు రోజూ పొద్దున్నే రైతు టోపీ పెట్టుకుని పచ్చికకు గంటసేపు నీళ్లు కొడతారు. ఊరి సమావేశంలో నీటి పొదుపు మీద మరో గంట మాట్లాడతారు. సాగు చేసేవాళ్లకే ఇక్కడ ఇల్లుండాలని నిబంధన. అందుకే ఏటా తనిఖీ ముందురోజు ఉల్లికాడల కుండీలు కొని, పచ్చికలో మెడదాకా పాతిస్తారు. ఈసారి తనిఖీకొచ్చినతను ముచ్చటపడి ఒక కాడ పట్టి లాగాడు. కుండీతో సహా వచ్చేసింది.

"కొత్త పద్ధతండీ, చుక్క నీరు వృథా కాదు," అన్నారు గావ్ గారు తొణక్కుండా.

పక్క మడి గట్టు మీంచి ఆహాన్ అవ్వ అందుకుంది. "నిజమే నాయనా! నా మడికొచ్చే కాలవ పూడ్చేసి, దానిమీదే కారు పెట్టుకున్నాడు. ఇంక చుక్క ఎక్కడికి పోతుంది?"