వెంట ఎవరూ రాని పేషెంటు

2023 వానాకాలం. కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా నాకు మచిలీపట్నంలో అప్పటికి పన్నెండేళ్ళ ప్రాక్టీసు. ప్రతి బుధవారం బస్సులో గుడివాడ వెళ్ళి, ఒక డాక్టరు గారి క్లినిక్కు వెనక గదిలో సాయంత్రం దాకా క్లయింట్లని చూసేదాన్ని. మందులు రాయడం సైకియాట్రిస్టు పని, కూర్చోబెట్టి మాట్లాడించడం మా పని. ఇన్సూరెన్సు కాయితాలు మాకు సంబంధించినవి కావనే అనుకునేదాన్ని, రాజ్యలక్ష్మి గారు వచ్చేవరకూ. అది ఆవిడ అసలు పేరు కాదు.

ఆవిడకి యాభై రెండేళ్ళు, ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక పదేళ్ళుగా గుడివాడలోనే ఒక మేడ మీది వాటాలో ఒక్కరే ఉంటున్నారు. ఇంటివాళ్ళు హైదరాబాదులో ఉండటంతో కింది వాటాకి ఎప్పుడూ తాళమే. ఆ వేసవి సెలవుల్లో ఆవిడకి తీవ్రమైన డిప్రెషన్ వచ్చింది. స్నానం లేదు, తిండి లేదు, మంచం దిగడం లేదు. కాలేజీ లేదు కాబట్టి రాలేదేమని అడిగేవాళ్ళూ లేరు. తొమ్మిది రోజులు అలా గడిచాక, ఇక ఇలాగే ఉంటే బతకనని ఆవిడకే అనిపించిందట. రెండు చీరలు సంచిలో పెట్టుకుని, తలుపుకి తాళం వేసి, విజయవాడ బస్సెక్కి, మానసిక వైద్యశాలకి వెళ్ళి తనే చేరారు. పన్నెండు రోజులు ఉన్నారు. పంపించేటప్పుడు అక్కడి డాక్టరు వారం వారం థెరపీకి వెళ్ళమంటే నా దగ్గరికి వచ్చారు.

మూడో బుధవారం ఒక ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇన్సూరెన్సు కంపెనీ ఆవిడ క్లెయిమ్ తిరస్కరించింది. రోగి పూర్తి స్పృహతో తనంతట తానే నడిచి వచ్చారు, ఆవిడ చెప్పిన పరిస్థితిని ధ్రువపరిచినవారు లేరు, ఇంటి దగ్గర మందులు వాడితే సరిపోయేది అని రాశారు. మానసిక వైద్యం కేసు షీటులో ‘ఇన్ఫార్మెంట్’ అని ఒక గడి ఉంటుంది. రోగి ఇంట్లో ఎలా ఉండేవారో చెప్పే మనిషి పేరు అందులో రాస్తారు. భర్తో, కూతురో, అన్నదమ్ములో. ఆవిడ షీటులో ఆ గడిలో అడ్డగీత ఉంది. కంపెనీ దాన్నే పట్టుకుంది.

“డబ్బు పోతే పోయిందండీ,” అన్నారు రాజ్యలక్ష్మి గారు. “నాకసలు ఏమీ కాలేదన్నట్టు రాశారు.”

ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. తెలిసిన వకీలు గారిని అడిగితే, మనసు జబ్బుకీ ఒంటి జబ్బుకీ బీమాలో తేడా చూపకూడదని చట్టమే ఉందన్నారు. విజయవాడ డాక్టరు గారి చేత, చేర్చుకోవలసిన అవసరం ఎందుకొచ్చిందో రాయించి, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాం. నెల తిరక్కుండా మళ్ళీ కాదన్నారు. ఇక మిగిలింది బీమా అంబుడ్స్‌మన్. కంపెనీకీ పాలసీదారుకీ మధ్య తగవు తీర్చే అధికారి ఆయన.

ఆ తొమ్మిది రోజుల్లో మిమ్మల్ని చూసినవాళ్ళెవరని అడిగాను. ఎవరూ లేరన్నారు. మొదటిరోజు కూడా అదే చెప్పారు, నేనూ నా నోట్సులో ‘ఎవరూ లేరు’ అనే రాసుకున్నాను. ఈసారి మాత్రం మామూలు రోజు ఎలా గడుస్తుందో పొద్దుటినుంచి చెప్పమన్నాను. అన్నం ఇంట్లో వండుకుంటారు, పప్పూ కూరా వీధి చివర కర్రీ పాయింటులో తెచ్చుకుంటారు. పదేళ్ళుగా అక్కడే. ఆ కొట్టు సుగుణమ్మది.

మీరు రాలేదని ఆవిడకి తెలిసే ఉంటుంది కదా అన్నాను.

“నేనెవరినండీ ఆవిడకి,” అన్నారు.

సుగుణమ్మని అడగడానికి ఆవిడ ఒప్పుకునేసరికి మూడు వారాలు పట్టింది. అడగాలంటే ముందు తనెక్కడికి వెళ్ళారో చెప్పాలి. చివరికి ఒక మధ్యాహ్నం నన్ను తోడు రమ్మన్నారు. కొట్టు ముందు నిలబడి, వేసవిలో నాకు బాగుండలేదు, మీకేమైనా గుర్తుందా అని అడిగారు. సుగుణమ్మ కవరు కడుతూనే చెప్పింది.

“గుర్తులేకపోవడమేంటండీ. రెండ్రోజులు రాకపోతే జొరమేమో అనుకున్నా. మూడోనాడు కూర కట్టి మీ గేటుకి తగిలించొచ్చా. మర్నాడు చూస్తే అలాగే ఉంది. అది తీసేసి ఇంకోటి పెట్టా. ఓసారి మేడెక్కి తలుపు కొడితే లోపల్నించి తర్వాత రమ్మన్నారు. ఆ గొంతు మీదిలాగా లేదు. ఆ తర్వాత తాళం ఉంది. చుట్టాలొచ్చి తీసుకెళ్ళారనుకున్నా.”

రాజ్యలక్ష్మి గారికి ఇవేవీ తెలియవు. వెళ్ళేటప్పుడు గేటుకున్న కవరు చూడలేదు. తలుపు కొట్టిన సంగతి కూడా గుర్తు లేదు. ఆస్పత్రి మాట చెప్పినప్పుడు సుగుణమ్మ ఏమీ అడగలేదు. చూసిందంతా తనకి వచ్చినట్టు అర పేజీ రాసి సంతకం పెట్టింది.

ఆ కాయితం జతచేసి అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పంపాం. విచారణ వీడియోలో, నా గుడివాడ గదిలోంచే జరిగింది. వకీళ్ళని రానివ్వరు, పాలసీదారే మాట్లాడుకోవాలి. నేను కెమెరాకి కనపడకుండా ఎదురు కుర్చీలో కూర్చున్నాను. కంపెనీ తరఫు డాక్టరు తమ మాటే మళ్ళీ చెప్పారు. ఒంటరిగా బస్సెక్కి రాగలిగిన మనిషికి అడ్మిషను ఎందుకన్నారు. మీరేమంటారమ్మా అని అధికారి అడిగారు.

“వెంట ఎవరూ రాలేదు కాబట్టి బాగానే ఉన్నానంటున్నారు సార్. ఇంటికి పంపితే చూసేవాళ్ళు లేరనే కదండీ డాక్టరు గారు నన్ను చేర్చుకుంది. ముద్ద కలిపి పెట్టేవాళ్ళు ఒక్కరుంటే నేను ఆ బస్సు ఎక్కేదాన్నే కాదు.”

కొన్ని వారాలకి ఉత్తర్వు ఆవిడ పక్షాన వచ్చింది. జబ్బు నిజమేనని, ఆస్పత్రిలో చేరడం అవసరమేనని ఉన్న వాక్యాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. సుగుణమ్మకి చెప్పారా అని అడిగాను. చెప్పారట. మంచిదండీ అందట, అప్పుడు బేరం ఎక్కువగా ఉందట. కాయితం మడిచి సంచిలో పెట్టుకుంటూ, ఇంక చూపించడానికి ఎవరూ లేక మీ దగ్గరికి తెచ్చానన్నారు.

అప్పటినుంచి కొత్త క్లయింట్లని ‘మీకెవరున్నారు’ అని అడగడం మానేశాను. ఒంటరి మనుషులు ఆ ప్రశ్నకి ఆలోచించకుండానే ఎవరూ లేరంటారు. దానికి బదులు, మీరు రెండు రోజులు బయటికి రాకపోతే ముందుగా ఎవరికి తెలుస్తుందని అడుగుతున్నాను. చాలామంది కాసేపు ఆలోచించి ఎవరో ఒకరి పేరు చెబుతారు. ఎంత ఆలోచించినా ఏ పేరూ తట్టనివాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి మర్నాడు నేనే ఫోన్ చేస్తాను.