మలుపు ముందు పచ్చికొమ్మలు

అనుమానం పెనుభూతం అంటారు. మా బావ ఎర్రన్నకి మాత్రం అది ఇలవేల్పు. సాలూరులో లారీ డ్రైవర్లకి కొదవ లేదు గానీ, ముందు బండివాడు దారిస్తే "ఈడికెందుకురా నా మీద ఇంత పేమ?" అని వెనకే ఉండిపోయేవాడు ఈయనొక్కడే. క్లీనర్ చెప్పినా, మెకానిక్ చెప్పినా, టైర్లు తన చేత్తో తట్టి చూడందే బండి కదిలించడు. నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ అనుమానమే మా అక్క లక్ష్మీనరసమ్మ పసుపుకుంకాల్ని కాపాడుతోందని లోపల దండం కూడా పెట్టుకునేవాణ్ణి.

ఒడిశా వెళ్లే ఘాట్‌రోడ్డులో బండి ఆగిపోతే, వెనకొచ్చేవాళ్లకి తెలియాలని మలుపు ముందు పచ్చికొమ్మలు విరిచి పరుస్తారు. అవి కనబడితే ఎంత మొండివాడైనా బ్రేకు మీద కాలేస్తాడు. సూరయ్య టీకొట్టు దగ్గర మాత్రం కొమ్మలు తరచూ కనబడేవి, ఆగిన బండి కనబడేది కాదు. ఎలాగూ నెమ్మదించాం కదా అని డ్రైవర్లు దిగి టీ తాగేవారు.

"బేరం కోసం ఆడే ఏస్తన్నాడ్రా," అనేవాడు బావ.

"నువ్వు సూసేవేటి?"

"సూడాలేటి?"

మొన్న వానల్లో బావ, ఘాట్ పైన పొట్టంగిలో పెళ్లికెళ్లిన అక్కని ఎక్కించుకుని, నిండు లోడుతో ఘాట్ దిగుతున్నాడు. కొమ్మలు కనబడ్డాయి. పక్కనే సూరయ్య రెండు చేతులూ ఊపుతున్నాడు.

"కొమ్మలు సాలనేదు, మనిసే దిగినాడు," అని బావ నవ్వాడు.

"ఆపు మావా, ఆడి మొకం సూడు," అంది అక్క.

ఆపలేదు. మలుపు తిరిగేసరికి చక్రం ఊడదీసిన లారీ రోడ్డుకి అడ్డంగా ఉంది. కుడివైపు లోయ. బావ స్టీరింగ్ ఎడమకి, కొండ వైపు తిప్పాడు. మా అక్క కూర్చున్నదీ ఎడమవైపే.

సూరయ్యే పరిగెత్తుకొచ్చి, తలుపు పెకలించి, కాలు నుజ్జయిన అక్కని బయటికి లాగాడు. బావ అతని చొక్కా పట్టుకున్నాడట.

"నిజం సెప్పు. ఇన్నాళ్లూ కొమ్మలేసింది నువ్వేనా?"

"నానే ఎర్రన్నా," అని సూరయ్య ఏడ్చేశాడు. "ఈయేళ మాత్రం నాను కాదు."

నాకు ఇద్దరి మీదా ఒళ్లుమంటే. అక్క కర్ర పట్టుకుని నడుస్తోంది. ఇంటికెవరొచ్చినా బావ ఇప్పటికీ అదే చెబుతాడు: "నా అనుమానం నిజమే అయినాది, సూసేరా?"

ఆ మాట మొదలవగానే అక్క కర్ర అందుకుని, మెల్లగా లేచి, వీధిలోకి వెళ్లిపోతుంది.