మరిడమ్మ స్టిక్కర్

మలేషియాలోని క్లాంగ్‌లో ఒక తమిళ బడిలో శాంతాదేవి టీచరు. ఫోనులో, నెట్‌లో మర్యాదగా ఎలా మసలుకోవాలో పిల్లలకు నేర్పే పాఠం ఆవిడదే. "ఒకరి ఫొటో పెట్టేముందు వాళ్లని అడగాలి" అని ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టేది. గీతలకేం లోటు చెయ్యలేదు.

తనవాళ్లలో ఆవిడతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే మిగిలింది, మేనత్త మరిడమ్మ. ఇంట్లో మొగుడిది తమిళం, పిల్లలది ఇంగ్లీషు. ఆదివారం కువాలా సెలంగోర్‌లో అత్త వాకిట కారు ఆగగానే "ఒలమ్మీ, వచ్చినావా? ఏటి తెచ్చినావు?" అని వినబడితేగానీ శాంతాదేవికి వారం గడిచినట్టుండేది కాదు.

ఒకరోజు మరిడమ్మ కోళ్లను తిడుతుంటే శాంతాదేవి చాటుగా వీడియో తీసింది. పాత మాట పోతోంది, నలుగురూ వినాలి కదా అని తెలుగు సంఘం గ్రూపులో పెట్టింది. ఉద్దేశం మంచిదే. మరిడమ్మ కట్టుడుపళ్ల సెట్టు మాత్రం అప్పుడు గ్లాసులో ఉంది. సాయంత్రానికల్లా ఎవరో ఆ బోసినోటి కింద "ఏటి లా?" అని, మలేషియావాళ్లు మాట చివర తగిలించే "లా" చేర్చి, రాసి స్టిక్కర్ చేశారు. ఇక గ్రూపులో గుడ్‌మార్నింగ్ బదులు అదే. శాంతాదేవీ రెండుసార్లు పంపింది. దాచడమెందుకు, మూడుసార్లు.

ఆ వారమే క్లాసులో పౌలిన్ అనే పిల్ల చెయ్యెత్తింది. వాళ్లమ్మ ఆ గ్రూపులోనే ఉంది.

"టీచర్, మీ అత్త స్టిక్కర్ చూసినాను. అత్తను అడిగినారా?"

"మా సొంత అత్తే లా."

"సొంతమయితే అడగక్కర్లేదని రాసుకోవాలా టీచర్?"

ఎకసెక్కం కాదు. పెన్సిలు పట్టుకుని నిజంగానే జవాబు కోసం చూస్తోంది. శాంతాదేవి బోర్డు తుడిచేసింది.

ఆదివారం వెళితే గేటు దగ్గరే పక్కింటి మారిముత్తు చెప్పాడు. ముందురోజు పెళ్లిలో ఎవరి పిల్లో "స్టిక్కర్ పాట్టి", అంటే స్టిక్కర్ అవ్వ, అని మరిడమ్మను వేలెత్తి చూపించిందట. పందిరంతా నవ్విందట.

మరిడమ్మ పళ్ల సెట్టు పెట్టుకుని కూర్చుంది.

"వాంగ టీచర్, ఉక్కారుంగ," అంది, రండి కూర్చోండి అని పరాయివాళ్లను పిలిచినట్టు, తమిళంలో.

"అత్తా, తప్పు సేసినాను. తీసేసినాను."

తీసింది తన ఫోనులోంచే. మిగతా నాలుగొందల ఫోన్ల సంగతి, ఒకసారి పంపింది వెనక్కి రాదని, పాఠంలోనే ఉంది, తనే చెబుతుంది.

"పరవాయిల్లె," అంది మరిడమ్మ, కళ్లు శాంతాదేవి ఫోనుండే చేతిసంచీ మీదే పెట్టి.

అప్పట్నుంచీ శాంతాదేవి ఫోనూ సంచీ కారులో వదిలి, ఖాళీ చేతులు ఊపుకుంటూ వస్తుంది. మరిడమ్మ టీ ఇస్తుంది, కూర కట్టి ఇస్తుంది. తెలుగు మాత్రం ఇవ్వదు.

మొన్న ఆదివారం శాంతాదేవి పెరటి దారిన వచ్చింది. మరిడమ్మ కోళ్లను తిడుతోంది, అచ్చంగా ఆ పాత మాటతో. గోడవార నిలబడి వింది. వింటూ వింటూ ఉండగా చెయ్యి దానంతటదే పక్కన లేని సంచీ కోసం తడిమింది. ఫోను కారులో ఉంది గనక సరిపోయింది.

ఇంతలో మరిడమ్మ ఇటు తిరిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వాంగ, టీచర్."