బట్టీ పొగకు బెల్లం మందు

మా తమ్ముని భార్యకు కడుపు నిలవదని మా చుట్టాలందరూ చెప్తరు. అబద్ధం. నిలవకపోవడానికి కారణమేందో ఎవ్వరూ వెతకలే. నేరం మోపడానికి మాత్రం ఆమె మొఖం దొరికింది.

మా తమ్ముడు మంచిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీల బొగ్గు బట్టీ కాడ శానా ఏండ్ల సంది పని చేస్తుండు. చీదితే నల్లగ వస్తది. డ్యూటీ దిగంగనే కాంట్రాక్టర్ తలా ఒక బెల్లం ముక్క చేతుల పెడ్తడు. అది తింటే పీల్చిన పొగ, దుమ్ము అన్నీ కడుపులకు జారి బయటికి పోతయట. మాస్కు ఏదిరా అంటే, "ఊపిరాడది అక్కా, బెల్లం ఉండంగ అదెందుకు?" అని నన్నే ఎడ్డిదాన్ని చూసినట్టు చూసిండు. ఐటీఐ చదివిన తెలివి మరి!

మరదలికి మళ్ల కడుపు పోయినంక, కొడుక్కు ఇంకో పెండ్లి చేస్తనని మా అవ్వ లేచింది. పరీక్షలన్నీ మరదలికే చేయించిన్రు. అన్నీ మంచిగనే ఉన్నయి.

"మరి నీ కొడుకును చూపిస్తివా?" అన్న.

"మొగోనికేం రోగమే? కడుపు నిండ తింటుండు."

"తినేది చూస్తున్నవ్ అవ్వా. పీల్చేది ఎవరు చూడాలె?"

తమ్ముణ్ణి నేనే కరీంనగర్ తోల్కపోయిన. ఇజ్జత్ పోతదని బస్సుల పొడుగూత మొఖం మాడ్చుకున్నడు. పెండ్లాన్ని ఆస్పత్రుల చుట్టూ తిప్పినప్పుడు ఆ ఇజ్జత్ ఏ ఊరు పోయిందో!

డాక్టరమ్మ అతని వీర్యం పరీక్ష చేయించింది. "కణాల్లోని జన్యు పదార్థం బాగా దెబ్బతిన్నది. కడుపు నిలవకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. బట్టీ పొగ ఇట్లా చేయగలదు గానీ, మీకు దానివల్లనే అయిందని రుజువు చేయలేను. కొన్నాళ్లు పొగకు దూరంగా ఉండి చూడండి" అన్నది.

"రోజూ బెల్లం తింటున్న మేడం."

ఆమె నవ్వలే. "పొగ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి పోతది. బెల్లం దాన్నెట్లా ఆపుతది?"

ఇంటికొచ్చి చెప్పిన. అవ్వ పెండ్లి మాట మళ్ల ఎత్తలే. "బయట ఎవ్వరికి చెప్పకు బిడ్డా" అన్నది. కోడలి సంగతి వాడకట్టంత చాటినప్పుడు లేని గుట్టు, కొడుకు కాడికొచ్చేసరికి పుట్టుకొచ్చింది.

తమ్ముడు పోయి, బట్టీ ఇడిసిపెట్టి గేటు కాడ డ్యూటీ ఎయ్యమని అడిగిండు. "నీ లెక్క అందరడిగితే బట్టీ కాడ నేనుండాల్నా?" అన్నడట కాంట్రాక్టర్. మళ్ల ఆ పొగలనే నిలబడ్డడు.

వాని పక్కన ఇంకా ఎందరో నిలబడుతున్నరు. వాళ్ల ఇండ్లల్ల ఎంతమంది ఆడోళ్లకు కడుపులు పోయినయో, ఆ ఫ్యాక్టరోళ్లు గానీ, సర్కారోళ్లు గానీ ఒక్కసారన్న పోయి అడిగిన్రా?