వీధి చివరి కుళాయి

పాండిచ్చేరి ఉప్పళంలో మా పక్కింటి ఎమ్మెల్యే అన్న పోయారని మొన్న తెల్లవారుతూనే పాలవాడు చెప్పాడు. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రం అరుగు మీద కూర్చుని నన్ను ఆటపట్టించిన మనిషి. పోయిన ఎన్నికల్లో ఓడిపోయినా మా వీధికి ఆయన ఎమ్మెల్యేనే.

డెబ్భైల్లో మావారి ఉద్యోగం వల్ల యానాం నుంచి పాండిచ్చేరి వచ్చినప్పుడు నా తెలుగు విని మొదట నవ్వింది ఆయనే. తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. మాట తెలుగే గానీ చదువంతా తమిళం. అందుకని నాచేత వారపత్రికలో కథలు చదివించుకునేవారు. కథలో ఎవరైనా ఏడిస్తే మాత్రం “పోదుం మా, చాలు, ఆపు” అనేవారు. అసెంబ్లీలో మంత్రుల్ని నిలదీసే మనిషికి కన్నీళ్ళంటే అంత భయం.

ఆయన గెలిచిన కొత్తల్లో మా వీధికి ఒకే ఒక్క కుళాయి మంజూరైంది. ఆయన భార్య, నేను వదినా అని పిలుస్తాను, అది తమ ఇంటి ముందే వస్తుందని బిందెలు తోమి పెట్టుకుంది. ఆయనేమో వీధి చివర గుడిసెల దగ్గర పెట్టించారు. వదిన కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. చివరికి నా ఎదుటే అడిగేసింది.

“నీకు ఓటేసింది వాళ్ళేనా? నేను ఏయలేదా?”

“ముందు వాళ్ళ గడప తడవనీ. మనది యాడికి పోతాది?” అన్నారాయన.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి వదినా నేనూ బిందెలతో ఆ చివరిదాకా నడిచాం. ఎమ్మెల్యే భార్య అని ఎవరూ దారి ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఆదర్శం ఆయనది, నడుంనొప్పి వదినది. ఓడిపోయినప్పుడు, ఆ గుడిసెల్లోవాళ్ళు కూడా ఆయనకు వెయ్యలేదని తెలిసి, ఇప్పుడేమంటారని ఉండబట్టలేక అడిగాను. ఆయన వీధి చివరికేసి చూశారు.

“నీళ్ళొస్తా ఉండాయి కదా మా” అన్నారు. బాధ దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరైనా పని మీద వస్తారేమోనని అరుగు మీద కూర్చునేవారు. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఎదురుచూపు చూడలేక నేను పత్రిక పట్టుకుని వెళ్ళేదాన్ని.

ఇక్కడ చివరి స్నానానికి నీళ్ళు అయినవాళ్ళే బయటినుంచి మోసుకురావాలి. ఎప్పుడూ తెచ్చే బావిని పూడ్చేశారు. అందుకని ఆయన తమ్ముళ్ళు ఆ కుళాయి దగ్గరికే వెళ్ళారు. అక్కడ వరసలో ఉన్న గుడిసెల ఆడవాళ్ళు జరిగి దారిచ్చారు. తర్వాత తమ ఇళ్ళకని పట్టుకున్న బిందెలు ఎత్తుకుని వాళ్ళ వెనకే వచ్చారు. మీరు అయినవాళ్ళు కారు కదా అని ఎవరూ అనలేదు.

వదిన గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి తిరిగి, పడుకోబెట్టిన ఆయనతో మెల్లగా అంది:

“నీళ్ళు ఇంటికొచ్చినాయి. లేసి చూడు.”

ఆయన్ని తీసుకెళ్ళాక నేను మళ్ళీ వెళ్ళేసరికి, బిందెలు తొణికిన గడప ఇంకా ఆరలేదు. వదిన ఆ తడి మీద అరచెయ్యి ఆనించి కూర్చుని ఉంది.