ఇంగ్లీషోళ్ల ఎల్లుండి

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే పాసింజర్ రైల్లో ఒక ఇంగ్లీషు టీచరమ్మ నాతో పెనుకొండ దాకా వచ్చేది. వాడుకలోంచి పోయిన ఇంగ్లీషు మాటలంటే ఆమెకు పిచ్చి. రోజుకొకటి పట్టుకొచ్చి, రైలు దిగేలోగా దాన్ని ఒక్క నిజమైన వాక్యంలో వాడి తీరేది. చలి పొద్దున కిటికీలోంచి ఎండ పడితే "అప్రిసిటీ!" అని కేక వేసేది. చలికాలపు ఎండ వెచ్చదనమట.

ఒకరోజు ఎక్కుతూనే నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, ఓవర్‌మారో! ఎల్లుండి అని! ఇంత మంచి మాటను ఇంగ్లీషోళ్లు పోగొట్టుకున్నారు!"

ఎదుటి సీటులోని అవ్వ కంగారుపడింది. "అయితే ఇప్పుడు ఎల్లుండిని ఏమంటారమ్మీ?"

"రేపటి తర్వాత రోజు అంటారవ్వా."

"అయ్యో, అంత పొడుగా! మనది ఇయ్యరాదా?"

పెట్టెంతా నవ్వింది. టీచరమ్మ అవ్వ బుగ్గలు పుణికి, ఆ నవ్వులోనే పెనుకొండలో దిగిపోయింది. వాక్యం మరిచిపోయిందనుకున్నాను. రైలు కదిలాక కిటికీ వెంట పరుగెత్తుకొచ్చింది.

"అక్కా! ఓవర్‌మారో నుంచి నేను రాను! మా ఊరు అమరాపురానికే ట్రాన్స్‌ఫర్ వచ్చింది!"

ఆమె ముఖం వెలిగిపోతోంది. నేను చెయ్యి ఊపుతూనే ఉండిపోయాను.

"ఏమంటాండాది ఆయమ్మ?" అని అవ్వ అడిగింది.

"రేపొక్క రోజు వస్తాదంట, అవ్వా," అన్నాను.