నిలపకూడని ఇంజను

మొన్న ప్రొద్దుటూరులో పులివెందుల బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక లారీ వదిలిన పొగలో బోండాలు వేగిన వాసన వచ్చింది. వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిలట. పక్కవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నా చిన్నతనానికే మా పొలాలన్నీ చేజారి, బత్తాయి తోట, మా మాటలో చీనీతోట, ఒక్కటే మిగిలింది. ఉగాదికి మా జేజి, అంటే నాయనమ్మ, కాల్చే ఓళిగల మీద నెయ్యి కరిగే వాసన, తోటలో మాగిన కాయల వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇంట్లోకి వచ్చేవి. బావి మీద డీజిల్ ఇంజను లేచిందంటే పిల్లలం కాలువలో నీళ్లకంటే ముందు చెట్ల పాదులు చేరాలని పరుగెత్తేవాళ్లం.

ఒక ఎండాకాలం లారీల సమ్మెతో బంకులు ఖాళీ అయ్యాయి. పిందెలు రాలుతున్నాయి, తడి అందకపోతే చెట్లే పోతాయి. మా జేజినాయన ఒకరిని డీజిల్ అడిగే మనిషి కాడు. ఇంటికని వేరుశెనగలు ఆడించుకున్న చెనిగనూనె డబ్బాలు ఇంజనుకు పోద్దామని తోటకు మోయించాడు.

"పెద్దాయనా, డీజిల్‌తో లేపి, కాగినాంక నూనెకు తిప్పాల. నిలిపేముందర మళ్లా డీజిల్ తాపాల. లేకుంటే నూనె నాజిల్లో బంకై కూచుంటాది" అన్నాడు మెకానిక్ దస్తగిరి. అందుకని మిగిలిన ఒక్క క్యాను డీజిల్ పక్కన పెట్టారు.

సగం తోట తడిసేసరికి, గట్టు తగాదాతో ఏళ్లుగా మాటల్లేని పక్కచేను సుబ్బయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అన్నా, కోడలికి నొప్పులొస్తాండాయి. జీపులో సుక్క ల్యాదు."

జేజినాయన క్యాను చేతికిచ్చాడు. అది దేనికి దాచిందో చెప్పలేదు. సుబ్బయ్య పోగానే జేజి అడిగింది:

"ఇంగ ఇంజనెట్ల నిలుపుతావు?"

"మన కాడికొచ్చి అడిగినాంక ల్యాదంటామా?"

దస్తగిరి సైకిలెక్కి డీజిల్ వెదకబోయాడు. అతను వచ్చేదాకా ఇంజను ఆగకూడదు. ఆ పూటకు బావి అడుగంటితే పంపు బెల్టు తప్పించి ఉత్తగానే తిప్పారు. డబ్బాలు అయిపోయాయి. జేజి వంటింటి నూనె తెచ్చింది, తర్వాత ఊరగాయలకు దాచిన నూనె జాడీ తెచ్చింది. నేను వడగట్టే గుడ్డ పట్టుకున్నాను. పొద్దు వాలేవేళకు జాడీ బోర్లించాం. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కాసేపటికి దస్తగిరి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

నూనె నాజిల్లో బంకై కూచుంది; సమ్మె ముగిసి కొత్త సామాను దొరికేలోగా తోట ఎండింది. చెట్లు కట్టెలకు కొట్టిస్తున్న రోజు కూడా జేజినాయన మెడ వంచలేదు.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, గట్లు కలిసిపోయాయి, చీనీచెట్టన్నది లేదు. మొన్న బస్సులో నా పక్కన కూర్చున్నది సుబ్బయ్య మనవడు, ఆ రోజు పులివెందుల ఆసుపత్రిలో పుట్టినవాడు. మా తోట ఉండిన చేను దాటుతుంటే కిటికీలోంచి చూసి అడిగాడు:

"అంత తోట ఎట్ల ఎండిపాయ అత్తా?"

"నీళ్లు చాల్లేదప్పా" అన్నాను.